బోధన్‌లో ఒక గేటు, డిచ్‌పల్లిలో ఒక వరండా

మా ఊరు ముప్కాల్. పేరు విన్నవాళ్ళు తక్కువే గానీ, హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ వైపు ఎప్పుడైనా రోడ్డు మీద పోయి ఉంటే మీరు మా ఊరి పక్కనుంచే పోయి ఉంటారు. ఒకప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. పసుపు, మక్కలు, ఎర్రజొన్న, ఇంటికొకరు గల్ఫ్‌లో... క్లుప్తంగా ఇదీ మా ఊరు. 2016లో మండలం కూడా అయింది. మా అమ్మది మాత్రం జిల్లాకి ఆ చివర, బోధన్ పక్కన ఓ పల్లె. చెరుకు ఊరి పిల్ల పసుపు ఊరికి కోడలుగా వచ్చిందన్న మాట. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా మా అమ్మ లెక్కలో పంటంటే చెరుకే. పసుపు ఉడకబెట్టే వాసన ఆమెకి ఇప్పటికీ పడదు.

మొన్న బతుకమ్మ పండక్కి ఇంటికెళ్ళినప్పుడు కెమెరా తీసుకెళ్ళాను. ఈ మధ్య నాకో పిచ్చి పట్టుకుంది. మూతపడ్డ ఫ్యాక్టరీలు, పాడుబడ్డ బంగళాలు, రైళ్ళాగని స్టేషన్లు వెతుక్కుంటూ పోయి ఫోటోలు తీయడం. ప్రపంచంలో చాలామందికి ఉన్న పిచ్చే ఇది. అమెరికాలో కార్ల పరిశ్రమ కుప్పకూలాక డెట్రాయిట్ శిథిలాలు ఫోటోలు తీసి పెద్ద పెద్ద పుస్తకాలేశారు. 1995లో వెర్గారా అనే ఫోటోగ్రాఫరైతే, ఆ ఊరి నడిబొడ్డున ఖాళీగా ఉన్న ఆకాశహర్మ్యాలను కూల్చకుండా శిథిలాలుగానే కాపాడుదాం అన్నాడు. మన గ్రీకు కోటలాగా చూసుకుందాం అని. అక్కడ బతుకుతున్నవాళ్ళకి ఒళ్ళు మండింది మరి. మండదా? నీ ఇల్లు కూలితే పక్కోడికి అందంగా కనపడటం కంటే అవమానం ఏముంటుంది?

"గా పాడువడ్డ గోడల పోటోలు తీసి ఏం జేస్తవ్ కొడుకా?" అని మా అమ్మ అడిగింది కూడా అదే. నా దగ్గర సరైన జవాబు లేదు. రెండు రోజులు తిరిగొచ్చాక కొంచెం దొరికింది. ఈ టపా దాని గురించే.

నిజామాబాద్ నుంచి పడమరకి పోతే బోధన్. అక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ. హైదరాబాద్ దారి పట్టుకుని దక్షిణానికి పోతే డిచ్‌పల్లి. అక్కడ విక్టోరియా ఆసుపత్రి, కుష్ఠురోగుల ఆసుపత్రి. మొదటిది మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే పేరు. రెండోది మా ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఫ్యాక్టరీ. దాని కథ ఫ్యాక్టరీతో మొదలవదు, నీళ్ళతో మొదలవుతుంది. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ లేకపోతే బోధన్‌లో చక్కెర లేదు. దాన్ని కట్టించిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నిజామాబాద్ పక్కన అలీసాగర్‌కి ఆయన పేరే. ఆయన పుట్టినరోజు జులై 11ని తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. (మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం కూడా ఆ రోజు వాట్సాప్‌లో ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటాం. మేం కట్టిన ఆనకట్టలేవో దేవుడికే తెలియాలి.)

చెరుకు దాదాపు ఏడాది పంట. వానాకాలం చెరువు మీద ఆధారపడ్డ రైతు దాని జోలికి పోలేడు. కాలువ వచ్చాకే పోగలిగాడు. ఇటు బ్రిటిష్ ఇండియాలో 1932లో చక్కెర పరిశ్రమకి రక్షణ చట్టం తెచ్చి విదేశీ చక్కెర మీద పన్ను బిగించారు. దేశమంతా మిల్లులు పుట్టుకొచ్చాయి. నిజాం ప్రభుత్వం అప్పటికే 1929లో పారిశ్రామిక నిధి ఒకటి పెట్టి ఉంది. సర్కారు డబ్బుతో పెద్ద పరిశ్రమలకి ఊతమివ్వడం దాని పని. వరంగల్ ఆజంజాహీ మిల్లు, కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ అన్నీ ఆ కాలపు బిడ్డలే. 1937లో బోధన్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. చుట్టూ శక్కర్‌నగర్ అని ఓ ఊరే వెలిసింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, ఫ్యాక్టరీ సొంతానికి వేల ఎకరాల చెరుకు తోటలు. జానకంపేట నుంచి బోధన్‌కి రైలు.

ఒక్క చక్కెరేనా? చక్కెర తీశాక మిగిలే మడ్డి నుంచి ఆల్కహాల్ తీసి పెట్రోల్‌లో కలిపే పవర్ ఆల్కహాల్ ఫ్యాక్టరీ కూడా 1940ల్లోనే బోధన్‌లో ఉండేది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం అందుకున్నామని 2025లో దేశం మొత్తం చప్పట్లు కొట్టుకుంది. ఆ పనికి ఎనభై ఏళ్ళ కిందటే ఓనమాలు దిద్దిన ఊళ్ళలో ఒకటి మాత్రం గేటుకి తాళమేసుకుని కూర్చుంది.

నీళ్ళొచ్చాక మనుషులు రాకుండా ఉంటారా? గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. ఇప్పటికీ బోధన్, వర్ని, కోటగిరి వైపు ఊళ్ళ పేర్ల చివర 'క్యాంపు' అని వినపడుతుంది చూడండి, అవన్నీ అలా వెలిసినవే. ఉర్దూ, మరాఠీ, తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు ఒకే చెరుకు బండి చుట్టూ తిరిగేవి. మా అమ్మ మాటల్లో నాలుగూ ఉంటాయి.

నిజాం కాలమంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నిజాంసాగర్ కింద మునిగిన ఊళ్ళున్నాయి. ఆ పారిశ్రామిక నిధిలో పడ్డ రూపాయి రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందే. అందుకే ఆ ఫ్యాక్టరీని "నిజాం ఇచ్చాడు" అనే మాట నాకు రుచించదు. మా తాతల్లాంటి వాళ్ళే దానికి పెట్టుబడి పెట్టారు, వాటా కాగితం లేకుండా.

నా చిన్నప్పుడు, అంటే 1990ల మొదట్లో, సంక్రాంతికి అమ్మమ్మ ఇంటికి పోతే ఊరి బయటే వాసన తగిలేది. తీపిగా, కొంచెం మాడినట్టు, కొంచెం పులిసినట్టు. చెరుకు బండ్లు వరసగా నిలబడి ఉండేవి. వెనక బండిలోంచి మేం గడలు లాగేవాళ్ళం, బండాయన కొరడా గాల్లో ఝళిపించేవాడు గానీ కొట్టేవాడు కాదు. బండ్లవాళ్ళకి అంత తొందరెందుకో అప్పుడు తెలియదు. కోసిన చెరుకులో తీపి గంటగంటకీ తగ్గిపోతుంది. ఒక రోజు ఆలస్యమైతే బరువూ పోతుంది, చక్కెరా పోతుంది. అందుకే చక్కెర ఫ్యాక్టరీ పొలం మధ్యలోనే ఉండాలి. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

మరి ఎందుకు పడిపోయింది? మా వైపు ఏ టీకొట్టు దగ్గర అడిగినా ఒక్క పేరు చెప్తారు. ఏ పేరన్నది చెప్పేవాళ్ళ పార్టీని బట్టి ఉంటుంది. నేను తెలుసుకున్నంతలో ఇది ఒక్క రోజు జబ్బు కాదు.

మొదటిది నీళ్ళు. నిజాంసాగర్ కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని అందులో సగానికి పైగా పోయింది. 1970ల్లో నీటిమట్టం పెంచి 17.8 టీఎంసీల దాకా తెచ్చారు. పైన మంజీర మీదే హైదరాబాద్ తాగునీటి కోసం సింగూరు కట్టారు, 1989లో పూర్తయింది. అంటే హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ నల్లాలో వచ్చిన నీళ్ళలో కొన్ని, లెక్క ప్రకారం మా తాత చెరుకు నీళ్ళు. ఇది రాస్తుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంది.

రెండోది, ఒక్క ఫ్యాక్టరీ మీద ఎనిమిది బరువులు. మిర్యాలగూడ, జహీరాబాద్, హిందూపురం, బొబ్బిలి, సీతానగరం, ముత్యంపేట, ముంబోజిపల్లి... ఇలా రాష్ట్రం నలుమూలలా యూనిట్లు నిజాం షుగర్స్ కిందికొచ్చాయి. మా భాషలో చెప్పాలంటే, బాగా నడుస్తున్న ఒక సర్వర్ మీద ఊళ్ళో ఉన్న ప్రాజెక్టులన్నీ తెచ్చి పెట్టినట్టు. అది నెమ్మదించాక "ఈ సర్వరే పనికిరాదు" అన్నారు.

మూడోది 2002. బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లని కలిపి 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి ఇచ్చి, 49 శాతం సర్కారు ఉంచుకుని, నిజాం దక్కన్ షుగర్స్ అని పేరు మార్చారు. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభా సంఘం వేశారు, వెనక్కి తీసుకోమని సంఘం చెప్పింది, తీసుకోలేదు. 2014 ఎన్నికల్లో స్వాధీనం చేసుకుంటామన్నారు, 2015 డిసెంబరులో లేఆఫ్ బోర్డు పెట్టారు. ఆ తర్వాత దివాలా కేసు. 2024లో మంత్రి శ్రీధర్ బాబు ఆధ్వర్యంలో తెరిపించడానికి మళ్ళీ కమిటీ. ఆరుగురు ముఖ్యమంత్రులు, మూడు పార్టీలు, ఒకే తాళం. వాళ్ళని నేను తిట్టక్కర్లేదు, తేదీలే తిడుతున్నాయి.

నేను గోడ దూకలేదు. దూకే వయసూ కాదు, ధైర్యమూ లేదు. గేటు దగ్గర ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. "ఏం సార్, పేపరోళ్ళా?" అన్నాడు. కాదు, ఇక్కడే మా అమ్మమ్మ ఊరు అన్నాను. "అట్లనా. మరి గట్ల గేటు ముంగట నిలవడితే ఏమొస్తది, జర పక్కకు రా. చిమ్నీ మంచిగ కనవడ్తది" అని తనే చోటు చూపించాడు. ఫోటో తీశాను. తీశాక ఆయన అడిగాడు, "మళ్ళ నడుస్తదంటవా?"

దానికి జవాబు గోడల దగ్గర దొరకదు, పొలాల దగ్గర దొరుకుతుంది. కాగజ్‌నగర్‌లో 1938 నాటి సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్ళీ తెరుచుకుంది. అంటే అసాధ్యమేమీ కాదు. కానీ కాగితానికి కర్రని ఎక్కడినుంచైనా తెచ్చుకోవచ్చు, చెరుకుని తెచ్చుకోలేం. ఇందాక చెప్పానుగా, కోసిన రోజే తీపి తగ్గడం మొదలు. ఫ్యాక్టరీ చుట్టూ చెరుకుండాలి. ఇప్పుడక్కడ ఎటు చూసినా వరి. ఫ్యాక్టరీ నడుస్తుందని నమ్మకం లేనిదే రైతు ఏడాది పంట వెయ్యడు, చెరుకు ఉంటుందని నమ్మకం లేనిదే ఎవరూ ఫ్యాక్టరీ తిప్పరు. ప్రోగ్రామర్లు దీన్ని డెడ్‌లాక్ అంటారు. ఒకరు ముందు చెయ్యి చాపాలి. సర్కారు తప్ప ఆ చాపగలిగినవాళ్ళు నాకు కనపడటం లేదు. రిబ్బను కత్తిరించడానికి ఏడాది ముందే రైతుకి రాతపూర్వకంగా ధర హామీ ఇవ్వాలి. యంత్రాలకి నూనె పోయడం ఆ తర్వాత పని. ఆ పెద్దమనిషికి ఇదే చెప్పాను. "అయితే ఇంగ గాదు తియ్" అని నవ్వాడు.

రెండో రోజు డిచ్‌పల్లి.

1907లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, భర్త జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌లో పనిచేస్తుంటే కుష్ఠురోగులు వచ్చి నిలబడేవాళ్ళు. ఊరు వెళ్ళగొట్టినవాళ్ళు, ఇల్లు వెళ్ళగొట్టినవాళ్ళు. వాళ్ళకోసం విడిగా ఒక చోటు కావాలనుకుంది. నిజామాబాద్ ధనికుడు రాజా నర్సాగౌడ్ డబ్బిచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. క్రైస్తవ డాక్టరమ్మ, హిందూ దాత, ముస్లిం రాజు రాజ్యం, పైన బ్రిటన్ రాణి పేరు. ఇప్పటి చర్చల్లో ఇమడని కలయిక, అందుకే చెప్తున్నాను.

అప్పుడు మందంటే చాల్ముగ్రా జాతి గింజల నూనె. తాగిస్తే కడుపులో నిలవదు. సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి. అయినా అప్పటికి అంతకంటే మంచిది లేదు, కొందరికి గుణం కనిపించింది. నయమవుతుందట అన్న మాట పాకాక జనం కట్టలు కట్టుకుని వచ్చారు. ఇసబెల్‌కి 1923లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. 1932లో చనిపోయింది. 1940లు, 50ల్లో డాప్సోన్ మాత్ర వచ్చింది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే పద్ధతి చెప్పింది. ఆరు నెలలో, ఏడాదో మాత్రలు మింగితే చాలు, రోగి ఇంట్లోనే ఉండొచ్చు. 2005 చివరికి మన దేశంలో పదివేల మందిలో ఒక్కరి కంటే తక్కువకి దిగింది.

అంటే ఆ వార్డులు ఎందుకు ఖాళీ అయ్యాయి? ఆసుపత్రి ఓడిపోయినందుకు కాదు, గెలిచినందుకు.

మా ఆఫీసులో ఒక పాత సిస్టమ్ పని పూర్తయి ఆపేస్తే కేక్ కోస్తాం. కూలిపోయి ఆగితే తప్పెక్కడ జరిగిందో కూర్చుని రాసుకుంటాం. బయటికి రెండూ ఒకటే, స్క్రీన్ నల్లగా ఉంటుంది. ఫోటోల్లోనూ అంతే. నాచు పట్టిన గోడ ఫ్యాక్టరీదైనా ఆసుపత్రిదైనా ఒకేలా అందంగా ఉంటుంది. ఎందుకు ఖాళీ అయిందో కెమెరాకి తెలియదు, మనం చెప్పాలి. బోధన్ విషయంలో కూర్చుని తప్పు రాసుకోవాల్సింది, కమిటీలతో సరిపెట్టుకున్నాం. డిచ్‌పల్లి విషయంలో కేక్ కోయాల్సింది, ఎవరం కోయలేదు.

ఎందుకు కోయలేదంటే, మందు జబ్బుని తగ్గించింది గానీ దాని పేరుని కాదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులివ్వొచ్చన్న నిబంధన మన వివాహ చట్టాల్లో 2019 దాకా ఉందంటే నమ్ముతారా? మాత్రలతో నయమయ్యే జబ్బుకి! ఇక గెలుపు కూడా పూర్తి గెలుపు కాదు. ఇప్పటికీ ఏటా ప్రపంచంలో బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే, లక్ష దాకా. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచుకోకుండా చూపించుకోండి, మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

డిచ్‌పల్లి ఆసుపత్రిని నేను "మూతపడింది" అని రాయడం లేదు చూడండి. పేరు పోలేదు, ప్రాంగణం పోలేదు. అనుమతి అడిగి, మనుషులు లేని వైపు మాత్రమే తిరిగాను. పెద్ద చెట్లు, ఒక పాత వరండా, నేలంతా ఆకులు. అక్కడ రెండు ఫోటోలు తీసి, ఇంక తీయబుద్ధి కాక కూర్చున్నాను.

ఎందుకంటే మా తాతకి ఒక అక్క ఉండేదట. ఈ సంగతి నాకు ఆ ముందు రాత్రే తెలిసింది. రేపు డిచ్‌పల్లి పోతున్నా అనగానే, బతుకమ్మ పూలు సర్దుతున్న మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి తనే చెప్పింది. పెళ్ళయిన రెండేళ్ళకి ఆమె చేతి మీద మచ్చ లేచింది. అత్తగారింటివాళ్ళు తెచ్చి దింపి పోయారు. మా ముత్తాత ఒక రాత్రి కచ్చురం కట్టి డిచ్‌పల్లిలో వదిలి వచ్చాడు. 1940ల మాట. తర్వాత మందులొచ్చాయి, జబ్బు తగ్గింది. ఇంటికి మాత్రం రాలేదు. రమ్మన్నవాళ్ళు లేరు, మా అమ్మ పిన్నులకి పెళ్ళిళ్ళు కావాలి కదా. అక్కడే పనేదో చేసుకుంటూ బతికి, అక్కడే పోయింది.

"బాపు ఏడాదికోసారి పోతుండె. సంక్రాంతి ముంగట చక్కెర సంచి, ఒక చీర పట్టుకోని. ఇంట్ల ఎవలన్న అడిగితే 'ఫ్యాక్టరీల పనుంది' అంటుండె. ఫ్యాక్టరీ ఇటుంటె బాపు అటు బస్సెక్కుడు నేను సూసిన, చిన్నప్పుడు. అడిగితే ఒక దెబ్బ గొట్టిండు. నన్ను కొట్టిన్నాడు గదొక్కటే."

మా ఇంట్లో తాత ఫోటో ఉంది, చెరుకు బండి పక్కన నిలబడి. చెరుకు తూకం చీటీలు కూడా మా అమ్మమ్మ చాలా ఏళ్ళు ట్రంకు పెట్టెలో దాచింది. అక్క ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆమె పేరు మా అమ్మకి కూడా తెలియదు. 'డిచ్‌పల్లి ఆమె' అని పెద్దవాళ్ళు గుసగుసలాడుకోవడం మాత్రం విన్నదట.

అందుకే ఆ వరండాలో కూర్చుండిపోయాను. ఆమె ఆ వరండాలోనే తిరిగిందని నేననడం లేదు. కానీ ఆ ప్రాంగణంలో ఎక్కడో ఒకచోట మా తాత ఏడాదికోసారి చక్కెర సంచి దింపి, అక్క ఎదురుగా కూర్చుని ఉంటాడు. నిజాం షుగర్స్ చరిత్ర ఎవరైనా రాస్తే టన్నులు రాస్తారు, లాభాలు రాస్తారు, అమ్మకం రాస్తారు. ఆ చక్కెరలో ఒక సంచి అబద్ధం చెప్పి డిచ్‌పల్లి దాకా వెళ్ళేదని ఎవరూ రాయరు. అందుకే నేను రాశాను.

ఇంటికొచ్చి ఫోటోలు అమ్మకి చూపించాను. చిమ్నీ ఫోటో చూసి "పొగ లేకుంటె మంచిగ లేదు" అంది. వరండా ఫోటో దగ్గర చాలాసేపు ఆగి, "ఇది పెద్దగ తీపిచ్చుకరా" అంది. తీయించి పంపాను. తాత ఫోటో పక్కన పెట్టిందట. చూసినవాళ్ళు ఎవరిదని అడిగితే "మా మేనత్తది" అని చెప్తోందట.

మీ ఇళ్ళల్లో ఫ్యాక్టరీ చీటీలు, మిల్లు బ్యాడ్జీలు, పాత ఆసుపత్రి కాగితాలు ఉంటే పారేయకండి, ఫోటో తీసి పెట్టండి. అంతకంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే, గోడ మీద ఎవరి ఫోటో లేదో ఒకసారి అడగండి.